పాదం సహకరించకపోతే బైకు ఎలా మారాలి?

క్లుప్తంగా: బైకు మీద పాదాలు చేసే పని కొద్దిపాటిదే. ఆ కొద్దిపాటి కదలిక పోతే మాత్రం బండే దూరమవుతుంది. పోయిన కదలిక ఏదో ముందు తేల్చుకుంటే చాలామందికి గేరు పెడల్‌లో చిన్న మార్పు సరిపోతుంది. వెనక బ్రేకును చేతికి తేవడం అంతకంటే పెద్ద పని. నొక్కే బలం, క్లచ్, కాంబీ బ్రేకు (ఒక్కటి నొక్కితే రెండు చక్రాలకూ పట్టేది), ఆర్టీఏ అనుమతి అన్నీ దానితో ముడిపడి ఉంటాయి.

ఏళ్ళ తరబడి బైకు నడిపినవాళ్ళ ఎడమ బూటు చూస్తే, బొటనవేలి పైభాగంలో తోలు నల్లగా అరిగి ఉంటుంది. కుడి బూటుకు ఆ మచ్చ ఉండదు. గేరు మార్చినప్పుడల్లా పాదం పెడల్ కిందకు దూరి పైకి ఎత్తడం వల్ల పడ్డ మచ్చ అది. రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కే ఉండదు, నడిపేవారికి దాని మీద ధ్యాసా ఉండదు. చీలమండ విరిగి ప్లేట్లు వేసినప్పుడో, పక్షవాతం తగ్గాక పాదం వాలిపోయి మిగిలినప్పుడో, నడుం దగ్గర డిస్కు జారి నరం నొక్కుకుపోయినప్పుడో ఆ అంగుళం కదలిక విలువ తెలిసివస్తుంది. నడవగలుగుతారు, కూర్చోగలుగుతారు, చేతులు గట్టిగానే ఉంటాయి. గేరు మాత్రం పడదు.

ఇలాంటివారికి చుట్టుపక్కల వాళ్ళు చెప్పే సలహా సాధారణంగా రెండు ముక్కల్లో ఉంటుంది: బండి మానెయ్యి, లేదంటే స్కూటీకి పక్క చక్రాలు వేయించుకో. ఆ రెంటికీ మధ్య ఎన్నో దారులున్నాయి. వాటిలో కొన్ని వీధి చివరి మెకానిక్ గంటలో చేయగలిగినవి. ఇంకొన్ని మాత్రం ఎంత మంచి మెకానిక్ అయినా తొందరపడి చేయకూడనివి. ఈ తేడా తెలియక కొందరు అవసరం లేకుండానే బండి వదులుకుంటున్నారు, ఇంకొందరు ప్రమాదకరమైన మార్పులతో రోడ్డెక్కుతున్నారు.

ఎడమ కాలికి గేరు, కుడి కాలికి బ్రేకు

ఇప్పుడు మన దగ్గర అమ్ముడయ్యే గేరు బైకులన్నిటిలో అమరిక ఒకటే. ఎడమ చేతికి క్లచ్, ఎడమ పాదానికి గేరు, కుడి చేతికి ముందు బ్రేకు, కుడి పాదానికి వెనక బ్రేకు. ఇది ప్రకృతి నియమమేమీ కాదు. పాత బ్రిటిష్ బండ్లలో గేరు కుడివైపు ఉండేది. అమెరికా 1974 సెప్టెంబరు నుంచి తయారయ్యే బైకులకు గేరు ఎడమ, బ్రేకు కుడి అని నిబంధన పెట్టడంతో మిగతా ప్రపంచం కూడా అటే మళ్ళింది. మన దేశంలో బుల్లెట్ మాత్రం 2000ల దశకం దాకా కుడి గేరు, ఎడమ బ్రేకుతోనే తిరిగింది. రెండు రకాల బుల్లెట్లూ చేసిన పాతకాలపు మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. ఇటుది అటు మార్చడం కొత్త సంగతేమీ కాదని వాళ్ళకు తెలుసు.

గేరు పెడల్ చేసే పని చిన్నది. గేరుబాక్సులో గాళ్ళు చెక్కిన ఒక డ్రమ్ము ఉంటుంది. పెడల్‌ను ఒకసారి కదిపితే అది ఒక మెట్టు తిరుగుతుంది. ఆ డ్రమ్ము గాళ్ళలో నడిచే ఫోర్కులు గేరు పళ్ళను పక్కకు జరుపుతాయి. ఒక్కో కదపడానికి ఒక్కటే గేరు. తర్వాత స్ప్రింగు పెడల్‌ను మళ్ళీ నడిమికి తెస్తుంది. అలా నడిమికి రాకపోతే తర్వాతి గేరు పడదు. పెడల్ కొన నడిచే దూరం రెండు మూడు వేళ్ళ వెడల్పుకు మించదు, కావాల్సిన బలమూ ఎక్కువేం కాదు. బండి ఆపి, క్లచ్ పట్టి, పెడల్‌ను చేత్తో కదిపి చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. గేరు మార్పిడి పరికరాలు ఇన్ని రకాలుగా రావడానికి కారణం ఇదే: చిన్న దూరం, చిన్న బలం, ఒక తోపు, ఒక విడుపు.

బ్రేకు అలా కాదు. అక్కడ కావాల్సింది బలం. అదీ ఎంత నొక్కితే అంత పట్టేలా, కొలతగా అందాల్సిన బలం.

ఏ కదలిక పోయింది?

సదరం సర్టిఫికెట్ మీద వైకల్యం 40 శాతం, 60 శాతం అని ఉంటుంది. పింఛనుకూ, రాయితీలకూ ఆ అంకె అవసరమే. బండి మార్చడానికి మాత్రం అది పనికిరాదు. ఒకే శాతం ఉన్న ఇద్దరికి పూర్తిగా వేరు వేరు మార్పులు కావాల్సి రావచ్చు.

ఆరోగ్యంగా ఉన్న చీలమండ పాదాన్ని పైకి సుమారు 20 డిగ్రీలు, కిందకు సుమారు 50 డిగ్రీలు వంచగలదు. పైకి లేపే కండరాలకు వెళ్ళే నరం మోకాలి కింద బయటివైపు, చర్మానికి బాగా దగ్గరగా, ఎముకను చుట్టుకుని పోతుంది. అక్కడ దెబ్బ తగిలినా, కుష్ఠు వ్యాధిలో ఆ నరం వాచినా, నడుం దగ్గర వేరు నొక్కుకుపోయినా పాదం ముందుభాగం లేవదు. డాక్టర్లు ఫుట్ డ్రాప్ అనేది దీన్నే. వీరిలో చాలామంది కిందకు నొక్కగలరు. అంటే పోయింది సగం కదలికే. పెడల్ కింద వేలు దూర్చి ఎత్తడం రాదు, పైనుంచి తొక్కడం వస్తుంది.

దీనికి తిరగబడ్డ పరిస్థితి పిక్క కండరమో, దాన్ని మడమకు కలిపే స్నాయువో దెబ్బతిన్నవారిది. పాదం లేస్తుంది, నొక్కడానికి బలం చాలదు. మూడో రకం చీలమండ ఎముకలను కలిపి బిగించేసిన వారు. వీరికి పైకీ లేదు, కిందకీ లేదు. మోకాలు, తుంటి మాత్రం మామూలుగా పనిచేస్తాయి కాబట్టి కాలంతా ఒక్క కట్టెలా ఎత్తి దించగలరు. మోకాలి కింద కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టుకున్నవారూ దాదాపు ఇంతే. 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ రూపొందించిన జైపూర్ కాలు రబ్బరు పాదం కాస్త వంగుతుంది. నడకకు, గొంతుక్కూర్చోవడానికి ఆ వంపు చాలా ఉపయోగం. కానీ పెడల్‌ను తనంతట తాను ఎత్తలేదు.

వీటన్నిటికంటే మోసం చేసేది స్పర్శ లేకపోవడం. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారికి కదలిక ఉంటుంది, బలం ఉంటుంది, పాదం ఎక్కడుందో మాత్రం తెలియదు. బ్రేకు పెడల్ మీద పాదం ఆనుకుని ఉన్నా తెలియక, మైళ్ళ కొద్దీ వెనక చక్రపు బ్రేకు డ్రమ్ము రాసుకుంటూ వేడెక్కిపోతుంది. బయటకు ఏ లోపమూ కనిపించదు కాబట్టి వీరి విషయం ఎవరూ పట్టించుకోరు. కాళ్ళ మార్పుల గురించి ఆలోచించేటప్పుడు మొదట అడగాల్సినవారు నిజానికి వీరే.

గేరు పెడల్ దగ్గర సులువైన మార్పులు

పాదం లేవని వారికి తేలికైన మందు మన రోడ్ల మీద ఎప్పటినుంచో ఉంది. మన కమ్యూటర్ బైకుల్లో చాలావాటికి గేరు పెడల్ రెండు కొసలతో వస్తుంది, ముందు వేళ్ళకు ఒకటి, వెనక మడమకు ఒకటి. చీరకట్టు, చెప్పులు, బూటు పాడవకూడదన్న ఆలోచన, ఏ కారణంతో వాడినా, ఈ పెడల్ గొప్పదనం ఒక్కటే. ఎత్తే పని ఉండదు. ముందు తొక్కితే ఒకవైపు, వెనక తొక్కితే ఇంకోవైపు. ఒక్క కొస పెడల్ ఉన్న బైకుకు రెండు కొసల పెడల్ వేయించుకోవడం, ఆ మోడల్‌కు దొరికితే, పానా పట్టిన ఏ మెకానిక్ అయినా చేసే పని. బిగించాక ఒకటి చూడాలి. ఫుట్‌రెస్టు మీద పాదం ఆనించినప్పుడు మడమ కొసకు తగలకుండా ఖాళీ ఉండాలి. లేకపోతే గుంత దాటినప్పుడు మడమ తగిలి గేరు తనంతట తాను మారిపోతుంది.

చీలమండ బిగుసుకుపోయినవారికి పెడల్ రకం కంటే దాని ఎత్తు ముఖ్యం. పెడల్ ఒక పళ్ళ ఇరుసు మీద కూర్చుని ఉంటుంది. బోల్టు వదులు చేసి పెడల్ బయటకు లాగి ఒక పన్ను పైకో కిందకో జరిపి మళ్ళీ తొడిగితే కొన కొద్దిగా లేస్తుంది, లేదా దిగుతుంది. రాడ్‌తో కలిపిన పెడల్ అయితే రాడ్ రెండు చివర్ల మరలు తిప్పి ఇంకా సన్నగా సరిచేయవచ్చు. ఇక్కడ తొందర పనికిరాదు. నడిపేవారు తమ బూటు లేదా స్ప్లింటు (పాదం వాలకుండా నిలబెట్టే పట్టీ) వేసుకుని, బండి మీద కూర్చుని, పాదం సహజంగా ఎక్కడ ఆగుతుందో అక్కడికి పెడల్ రావాలి. మెకానిక్ తన పాదంతో చూసి బాగుందంటే దానికి విలువ లేదు.

ప్లాస్టిక్ స్ప్లింటు వేసుకునేవారికి బూటు ఒక సైజు పెద్దది కావాలి. ఆ పెద్ద బూటు ముందుభాగం పెడల్ కింద సందులో ఇరుక్కుపోతుంటుంది. కొన దగ్గర ఉండే రబ్బరు పెగ్గును పొడుగుది వేయించడం, ఫుట్‌రెస్టును వెడల్పు చేయడం, మడమ వెనక్కి జారకుండా చిన్న అడ్డు పెట్టడం చవకైన పనులే. కృత్రిమ కాలును పట్టీతో ఫుట్‌రెస్టుకు కట్టేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. బండి పడితే కాలు బండితోనే పోతుంది, మనిషి దాని కింద ఉంటాడు.

ఇక్కడే పాత బుల్లెట్ అమరికలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. ఎడమ పాదం లేవదు గానీ నొక్కగలదు అనుకుంటే, గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉన్న బండి ఆ మనిషికి సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. ఎత్తే పని మంచి పాదానికి, తొక్కే పని వాలిన పాదానికి. నిజం సగమే. వాలిన పాదం నొక్కగలదు కానీ, నొక్కనప్పుడు పెడల్‌కు పైన గాలిలో ఆగలేదు. దాని బరువంతా పెడల్ మీదే పడుతుంది. స్ప్లింటుతో పాదాన్ని నిలబెట్టి, పెడల్‌ను కిందకు దించితేనే ఆ అమరిక నడుస్తుంది.

గేరు చేతికి వస్తే

పాదంతో ఏమాత్రం కుదరనప్పుడు గేరును హ్యాండిల్ మీదకు తేవాలి. మనకిది కొత్త కాదు. బజాజ్ చేతక్ నడిపిన తరం మొత్తం ఎడమ చేత్తో క్లచ్ నొక్కి, పిడి తిప్పి గేర్లు వేసింది. ఎమ్80 కూడా అంతే. అయితే ఆ గేరుబాక్సుల నిర్మాణమే వేరు. మెట్టు మెట్టుగా తిరిగే బైకు డ్రమ్ముకు తిప్పే పిడి నేరుగా కుదరదు. దానికి తోసి వదిలే పరికరం కావాలి.

విదేశాల్లో దీనికి బటన్ గేర్లు తయారుగా దొరుకుతాయి. క్లిక్‌ట్రానిక్, పింగెల్ వంటివి ఈ రకం. ఎడమ పిడి పక్కన రెండు బటన్లు, ఇంజిన్ పక్కన గేరు పెడల్ రాడ్‌కు కలిపిన ఒక విద్యుత్ తోపుడు కడ్డీ. బటన్ నొక్కితే కడ్డీ ఒక్క క్షణం తోసి వదిలేస్తుంది. పని క్షణకాలమే అయినా ఆ క్షణంలో బ్యాటరీ నుంచి భారీగా కరెంటు లాగుతుంది. చిన్న కమ్యూటర్ బైకు బ్యాటరీ, సన్న వైర్లు దీనికి చాలవు. బ్యాటరీ నీరసించిన రోజున గేరు మధ్యలో ఆగిపోతుంది. అందుకే పెడల్‌ను పూర్తిగా తీసేయకుండా, చేత్తోనైనా కదిపేలా ఉంచడం తెలివైన పని.

కరెంటు అక్కర్లేని దారి ఒకటుంది. పెడల్ ఇరుసు నుంచి నిలువుగా ఒక కడ్డీ పైకి తెచ్చి, ట్యాంకు పక్కన చేత్తో తోసే పిడి పెట్టడం. లేత్ పని తెలిసినవాళ్ళు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇది చేసి ఇవ్వగలరు. ఇబ్బంది ఏమిటంటే గేరు వేసినప్పుడల్లా ఒక చెయ్యి హ్యాండిల్ వదలాలి. ఎడమ చేయి క్లచ్ మీద ఉంటుంది కాబట్టి కడ్డీ కుడివైపుకు రావాలి, అప్పుడు యాక్సిలరేటరూ ముందు బ్రేకూ కూడా వదలాల్సి వస్తుంది. గుంతల రోడ్డు మీద, బస్సు పక్కన, ఆ ఒక్క క్షణం ఎక్కువే. పల్లె దారుల్లో నెమ్మదిగా తిరిగేవారికి ఫర్వాలేదు, హైవేకు పనికిరాదు.

కంపెనీలే గేరును పాదం నుంచి విడదీయడం ఇప్పుడు వేగం అందుకుంది. హోండా 2010లో పెద్ద బైకుల్లో రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు తెచ్చింది. యమహా 2024లో క్లచ్ పిడీ, గేరు పెడలూ రెండూ లేకుండా, బటన్లతో నడిచే గేరును చూపించింది. రెండూ ఎవరి వైకల్యాన్నీ ఉద్దేశించి చేసినవి కావు, ఖరీదైన బండ్లకే పరిమితం. అయినా ఈ పద్ధతి 125 సీసీ బండి దాకా దిగివచ్చిన రోజున, ఎడమ పాదం పనిచేయని వారికి మార్పు చేయించుకునే అవసరమే ఉండదు. అదే సమయంలో వచ్చిన హోండా ఈ-క్లచ్‌తో దీన్ని కలగాపులగం చేసుకోకూడదు. అందులో తగ్గేది చేతి పని. గేరు మాత్రం పాదంతోనే మార్చాలి.

అసలు చిక్కు వెనక బ్రేకు

కుడి పాదం దెబ్బతిన్నవారిలో చాలామంది ముందు బ్రేకు చాల్లే అని నెట్టుకొస్తుంటారు. ఇందులో కొంత నిజముంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదకు జరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1.3 మీటర్లు, మనిషితో సహా బండి గరిమనాభి నేల నుంచి 0.6 మీటర్ల ఎత్తున, సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. పొడి తారు రోడ్డు మీద రాపిడి గుణకం 0.7 అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి రెండు బ్రేకులూ పూర్తిగా వాడితే బండి సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. ముందు బ్రేకు ఒక్కటే వాడితే సుమారు 12 మీటర్లు. వెనకది ఒక్కటే అయితే సుమారు 24 మీటర్లు. చూసి, తేరుకుని, బ్రేకు అందుకునేలోపు సాగే దూరం దీనికి అదనం.

కాబట్టి ముందు బ్రేకు మంచిగా ఉన్న మనిషి పొడి రోడ్డు మీద దాదాపు ఆగగలడు. కానీ మన రోడ్లన్నీ పొడి తారు కావు. వానకు తడిసిన మట్టి, మలుపులో జారిపోయిన ఇసుక, వరి ఆరబోసిన రోడ్డు. అక్కడ ముందు చక్రం పట్టుకుపోయిందంటే తేరుకునే వ్యవధి ఉండదు. వెనక చక్రం పట్టుకుంటే బండి పక్కకు ఈడ్చుతుంది, వదిలితే సర్దుకుంటుంది. ఇరుకు సందులో నెమ్మదిగా యూ టర్న్ తిప్పేటప్పుడు బండిని అదుపులో ఉంచేదీ వెనక బ్రేకే. వెనక మనిషిని ఎక్కించుకుంటే దాని పట్టు ఇంకా పెరుగుతుంది. రెండు బ్రేకులు వేర్వేరుగా ఉండాలన్న నిబంధన ఊరికే పెట్టింది కాదు.

మరి చేతికి తేవడం ఎలా? బైకు బ్రేకుల అంతర్జాతీయ పరీక్షా నియమాల్లో చేతి పిడికి గరిష్ఠంగా 200 న్యూటన్ల బలం, పాదం పెడల్‌కు 350 న్యూటన్ల దాకా అనుమతిస్తారు. అంటే పాదం కోసం తయారైన బ్రేకును అలాగే చేతికి కలిపితే పట్టు తగ్గిపోతుంది. ఆ లోటును పిడి పొడవుతోనో, డ్రమ్ము దగ్గర ఉండే మీట పొడవుతోనో పూడ్చాలి. అసాధ్యమైతే కాదు. యాక్టివా వెనక డ్రమ్ము 130 మిల్లీమీటర్లు, స్ప్లెండర్ వెనక డ్రమ్మూ 130 మిల్లీమీటర్లే. ఒకటి నాలుగు వేళ్ళతో పట్టుకుంటోంది, ఇంకోటి పాదంతో. తేడా అంతా మధ్యలో ఉన్న కడ్డీల, కేబుళ్ళ అమరికలో ఉంది. కేబుల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. క్లచ్ కేబుల్ తెచ్చి బ్రేకుకు వాడటం, మలుపుల్లో మడత పడేలా కట్టడం, చివర సీసం ముద్దను సొంతంగా పోసుకోవడం లాంటివి ప్రాణం మీదకు తెస్తాయి.

డిస్కు బ్రేకు అయితే లెక్క ఇంకొంచెం తేలిక. ఆయిలు పంపే పిస్టన్ ఎంత సన్నగా ఉంటే అంతే బలానికి ఒత్తిడి అంత పెరుగుతుంది. 14 మిల్లీమీటర్ల పిస్టన్ వైశాల్యం సుమారు 154 చదరపు మిల్లీమీటర్లు, 11 మిల్లీమీటర్లదానికి సుమారు 95. అదే నొక్కుడుకు 1.6 రెట్ల ఒత్తిడి. బదులుగా పిడి అంత ఎక్కువ దూరం నడవాలి. బలం కలిసొస్తుంది, దూరం పోతుంది. ఈ రెంటి మధ్య తూకం దొరకడమే ఇలాంటి మార్పులో సగం పని.

ఇక మిగిలిన ప్రశ్న ఏ చేతికి అని. స్కూటర్‌లో క్లచ్ లేదు కాబట్టి ఎడమ చేయి ఖాళీ. బైకులో ఎడమ చేతికి ఇప్పటికే క్లచ్ ఉంది. ఆగేటప్పుడు క్లచ్, వెనక బ్రేకు రెండూ ఒకేసారి కావాలి. రెంటినీ నాలుగు వేళ్ళకే అప్పగిస్తే ఒకటి పట్టాలంటే ఇంకోటి వదలాలి. రెండు బ్రేకులనూ కుడి చేతి ఒక్క పిడికే కట్టేయడం అంతకంటే చెడ్డ ఉపాయం. ఒక్క కేబుల్ తెగితే రెండూ పోతాయి.

డూహన్ బొటనవేలు

ఈ ముడిని విప్పిన పేరున్న ఉదాహరణ రేసు ట్రాక్ నుంచి వచ్చింది. ఆస్ట్రేలియా రేసర్ మిక్ డూహన్ 1992లో నెదర్లాండ్స్‌లోని అసెన్ ట్రాక్ మీద పడి కుడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చికిత్సలో చిక్కులొచ్చి కాలు తీసేయాల్సి వస్తుందన్న స్థితి దాకా వెళ్ళింది. ఇటలీకి చెందిన డాక్టర్ క్లాడియో కోస్టా, రక్తప్రసరణ కోసం కొన్నాళ్ళు రెండు కాళ్ళనూ కలిపి కుట్టి దాన్ని నిలబెట్టారు. కాలు దక్కింది, చీలమండ కదలిక తిరిగి రాలేదు. వెనక బ్రేకు పెడల్ నొక్కడం కుదరలేదు.

1993లో అతని హోండా ఎడమ పిడి కింద, క్లచ్‌కు దిగువన, బొటనవేలితో తోసే చిన్న బ్రేకు మీట వచ్చి చేరింది. నాలుగు వేళ్ళు క్లచ్‌కు, బొటనవేలు బ్రేకుకు. ఒకదాని పనికి ఇంకోటి అడ్డు రాదు. ఆ మీటతో అతను 1994 నుంచి 1998 దాకా వరుసగా అయిదు సార్లు 500 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. తర్వాత ఏ దెబ్బా తగలని రేసర్లు కూడా దీన్ని పెట్టించుకోవడం మొదలుపెట్టారు. బండి బాగా కుడివైపు వాలినప్పుడు కుడి పాదంతో పెడల్ అందుకోవడం మంచి కాలున్నవారికీ కష్టమే. పోయిన కదలిక కోసం చేసిన మార్పు, చివరకు అందరికీ మెరుగైన అమరికగా తేలింది.

దీన్ని చూసి మన 100 సీసీ డ్రమ్ము బైకుకు బొటనవేలి మీట పెట్టించుకోవచ్చా అంటే జాగ్రత్త అవసరం. బొటనవేలి బలం నాలుగు వేళ్ళ బలం కంటే బాగా తక్కువ. డూహన్ మీట ఆయిలుతో నడిచే డిస్కు బ్రేకుది. కేబుల్‌తో నడిచే డ్రమ్ముకు బొటనవేలు చాలదు. డ్రమ్ము బండికి సరైన దారి సాధారణంగా క్లచ్‌ను తప్పించడం. బయటి దేశాల్లో మట్టిబాట బైకులకు, వేగాన్ని బట్టి తనంతట తాను పట్టి వదిలే క్లచ్ వేసి, ఖాళీ అయిన ఎడమ పిడికి వెనక బ్రేకు కలుపుతారు. హోండా సూపర్ కబ్ 1958 నుంచీ ఇలాంటి క్లచ్‌తోనే నడుస్తోంది. ఎడమ చేతికి పని లేని బండ్లు అక్కడ కోట్లలో ఉన్నాయి.

కాంబీ బ్రేకు బండ్లలో

2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే 125 సీసీ లోపు ద్విచక్ర వాహనాలన్నిటికీ కాంబీ బ్రేకు లేదా ఏబీఎస్ (చక్రం పట్టుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. 125 దాటితే ఏబీఎస్. చాలా కమ్యూటర్ బైకుల్లో కాంబీ అంటే పాదం పెడల్ తొక్కినప్పుడు వెనక బ్రేకుతో పాటు ఒక కేబుల్ ద్వారా ముందు బ్రేకు కూడా కొంత పట్టడం. అంటే ఈ బండ్లలో కుడి పాదం పాత్ర పెరిగింది. వెనక బ్రేకును చేతికి మార్చేటప్పుడు ఆ కేబుల్‌ను పీకి పక్కన పడేస్తే కంపెనీ పరీక్షించి పంపిన పట్టు సమతూకం పోతుంది. అలాగే ఉంచి చేతికి కలిపితే చేయి ఒకేసారి రెండు డ్రమ్ములను లాగాలి. స్కూటర్లలో ఎడమ పిడే ఈ పని చేస్తుంది కాబట్టి అక్కడ ఈ సమస్యే రాదు.

ఆగినప్పుడు ఆనే కాలు

పెడళ్ళ గురించి ఇంత మాట్లాడుకుని చాలామంది మరిచిపోయేది ఇది. కదిలే బండి పడదు, ఆగిన బండే పడుతుంది. మనం రోడ్డుకు ఎడమవైపు నడుస్తాం. వాన నీరు జారిపోవడానికి రోడ్డు నడిమి నుంచి అంచుకు వాలుగా ఉంటుంది. అందువల్ల అంచున ఆగినప్పుడు ఎడమ పాదానికి నేల కాస్త లోతుగా, కుడి పాదానికి కాస్త ఎత్తుగా అందుతుంది. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవారికి ఇది అనుకూలమే. కుడి కాలు ఆనించి, చేతి బ్రేకుతో బండిని నిలబెట్టుకోవచ్చు. కుడి కాలు బలహీనమైతే ఎడమ కాలు మీదే భారం, నేల అందాలంటే సీటు ఎత్తు తగ్గించాలి. సీటు స్పాంజి కోయించడం సస్పెన్షన్ మార్చడం కంటే సులువు, క్షేమం కూడా.

సైడ్ స్టాండు ఎడమ కాలితో తన్నాలి. కొసకు ఒక పొడుగు కడ్డీ అతికిస్తే చేత్తో లాగవచ్చు. కిక్కు విషయానికొస్తే, సెల్ఫ్ స్టార్ట్ ఉన్న బండే ఎంచుకోవాలి.

పక్క చక్రాలు ఎప్పుడు?

తెలుగు రాష్ట్రాల్లో దివ్యాంగులకు ప్రభుత్వాలు ఇచ్చే మూడు చక్రాల మోటారు వాహనాలు ఎంతోమందిని ఇంటి గడప దాటించాయి. రెండు కాళ్ళకూ బలం లేనివారికి అవి తప్ప దారి లేదు. కానీ ఒక్క పాదంలో ఒక్క కదలిక పోయినవారికి పక్క చక్రాలు అనవసరపు భారం. వాటితో బండి మలుపులో వాలదు, హ్యాండిల్‌తో లాగి తిప్పాలి. వేగంగా తిప్పితే బయటివైపుకు ఎత్తేస్తుంది. అంచుకు వాలిన రోడ్డు మీద ఎప్పుడూ ఎడమకు లాగుతుంటుంది. ఒక కాలిని గట్టిగా నేలకు ఆనించి బండిని నిలబెట్టగలిగేవారు ముందుగా చూడాల్సింది గేర్లు లేని స్కూటరు. పాదానికి అక్కడ పనే లేదు. పొలం దారులకు, బరువులకు టీవీఎస్ ఎక్స్ఎల్ ఉంది, దానిలోనూ రెండు బ్రేకులూ చేతికే. ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ ఇదే అమరిక. ఎలక్ట్రిక్ బైకులు కొనేవారు మాత్రం చూసి కొనాలి. గేరు ఉండకపోయినా కొన్నిటిలో వెనక బ్రేకు పెడల్ కుడి పాదం దగ్గరే ఉంటుంది.

చట్టం ఏమంటోంది

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి రూపం మార్చడాన్ని కట్టడి చేస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అయితే అదే చట్టం శారీరక లోపం ఉన్నవారి కోసం మార్చిన వాహనాన్ని ప్రత్యేకంగా గుర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత, యజమాని తన బండిని అలాంటి వాహనంగా మార్పించుకుని, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం పొందే వీలు ఉంది. కేంద్రం పెట్టిన షరతులకు మార్పు లోబడి ఉండాలి. లైసెన్సు విషయంలోనూ 8వ సెక్షన్ ఇదే దారి తెరిచి ఉంచింది. మామూలు బండి నడపలేకపోయినా, మార్చిన బండి నడపగలరని అధికారి తృప్తి చెందితే దానికే పరిమితమైన లైసెన్సు ఇవ్వవచ్చు.

అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. చట్టం దృష్టిలో మార్పు అంటే బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పు. పెడల్ ఒక పన్ను జరపడం, పెగ్గు పొడుగుది వేయడం ఆ కోవలోకి రావు. బ్రేకు అమరిక మార్చడం మాత్రం ఆర్టీఏకు చూపించాల్సిన పనే. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి. ప్రమాదం జరిగాక బయటపడితే క్లెయిము దగ్గర అదే మొదటి ప్రశ్న అవుతుంది.

చట్టంలో తలుపు ఉంది కానీ, ఆ తలుపు దాకా నడిపించేవారు లేరు. బ్రిటన్‌లో వైకల్యం ఉన్న బైకర్ల కోసం 1991లోనే ఎన్ఏబీడీ అనే సంఘం పుట్టింది. ఏ కదలిక పోతే ఏ మార్పు చేయాలో సలహా చెప్పడం, ఖర్చుకు సాయపడటం దాని పని. మన దగ్గర ఆ అనుభవమంతా మెకానిక్కుల చేతుల్లో, ఎముకల డాక్టర్ల గదుల్లో, ఫిజియోథెరపిస్టుల దగ్గర ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ఈ ముగ్గురూ ఒక్కసారి ఒకే బండి చుట్టూ నిలబడితే సగం సమస్యలు అక్కడికక్కడే తేలతాయి.

రోడ్డెక్కే ముందు

మార్పు పూర్తయ్యాక శరీరానికి కొత్త అలవాటు రావాలి. ఇరవై ఏళ్ళు కుడి పాదంతో బ్రేకు వేసినవారి కాలు, కుక్క అడ్డం వచ్చిన క్షణంలో లేని పెడల్ కోసమే వెతుకుతుంది. ఖాళీ మైదానంలో 20, 30 కిలోమీటర్ల వేగంతో, చెయ్యి తనంతట తాను వెళ్ళేదాకా, రోజుల తరబడి ఆపి చూడాలి. కేబుల్ కొత్తలో సాగుతుంది, వారానికోసారి బిగింపు చూడాలి.

ఇంకొకటి, చిన్నదే. బ్రేకు లైటు వెలిగించే స్విచ్ పాత పెడల్‌కే ఒక సన్న స్ప్రింగుతో తగిలించి ఉంటుంది. పెడల్ పని ఆగిపోయిందంటే లైటు పనీ ఆగిపోయినట్టే. కొత్త పిడికి కొత్త స్విచ్ పెట్టించి, చీకటి పడ్డాక బండి వెనకభాగాన్ని గోడకు తిప్పి నిలబెట్టి, పిడి మెల్లగా నొక్కాలి. చక్రం పట్టకముందే గోడ మీద ఎర్రటి వెలుగు పెరగాలి.